ముందు ఏ ఊరు?

నాలుగు దేశాలు, నాలుగు పెట్టెలు, నాలుగు మోకాళ్లు. విదేశీ యాత్రలో ఏ ఊరి తర్వాత ఏ ఊరు? బందరు రేవులో నాలుగు వందల ఏళ్ల కిందట ఓడలవాళ్లు వేసుకున్న లెక్క ఇప్పుడు దివిసీమ ఇళ్లలో మళ్లీ మొదలైంది.

ఊళ్ల వరస వేసుకోకుండా లోకమంతా తిరిగినవాళ్లలో గంగమ్మను మించినవారు లేరు. పాపాత్ములందరూ వచ్చి మునిగి మునిగి తనను నల్లబరిచారని, ఆ నలుపు వదిలే చోటు వెతుక్కుంటూ ఆవిడ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగిందట. ఎక్కడ మునిగినా కాకి కాకిగానే లేచింది. చివరికి కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగితే హంసయి లేచింది. అందుకే ఆ ఊరు హంసలదీవి అయిందని స్థలపురాణం. కోడూరు మండలంలోని ఈ వేణుగోపాలస్వామి క్షేత్రానికి ఏటా మాఘ పౌర్ణమికి సముద్రస్నానాల కోసం జనం బారులు తీరి వస్తారు. వాళ్లలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: ముందే ఇక్కడికి వస్తే ఆ తిరుగుడంతా తప్పేది కదా?

దేవతలు కనుక చెల్లింది. మనుషులకు సెలవులు లెక్క, వీసాలో తేదీలు లెక్క, మోకాళ్లలో సత్తువ లెక్క. అవనిగడ్డలో, చల్లపల్లిలో, గుడివాడలో, బందరులో ఈ మధ్య ఏ ఇంటి వసారాలో కూర్చున్నా ఇదే చర్చ. పదిహేనేళ్ల కిందట ‘అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం’ అంటే శంషాబాద్‌లో ఎక్కడం, డాలస్‌లో దిగడం, మనవణ్ని ఆడించడం, తిరిగి రావడం. అంతే. ఇప్పుడు దానికో తోక వచ్చింది: ‘ఎలాగూ అంతదూరం పోతున్నాం, పనిలో పనిగా యూరప్ కూడా చూసేస్తే పోలా?’ చూసేయొచ్చు. పోయేటప్పుడా, వచ్చేటప్పుడా? పారిస్ ముందా, రోమ్ ముందా? మధ్యలో లండన్ దూరుతుందా? ఇక్కడే వస్తుంది పేచీ.

గాలి వేసిన వరస

ఈ పేచీ మన తీరానికి కొత్తదేమీ కాదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరంలోని రేవుల పట్టీ రాస్తూ ‘కంటకస్సిల’ అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. చల్లపల్లి పక్కనున్న మన ఘంటసాలే అదని చరిత్రకారులు గుర్తించారు. అదే పట్టీలో ఇంకో చోటు కూడా ఉంది. సువర్ణభూమికి పోయే ఓడలు అంతదాకా ఒడ్డు వెంబడే వచ్చి, అక్కడ తీరాన్ని వదిలేసి నడిసంద్రంలోకి మళ్లేవట. అదెక్కడన్నది పండితులు తలోమాటా అంటారు, ఆ తగువు మనకొద్దు. ఎక్కడిదాకా ఒడ్డు వెంట నడవాలి, ఎక్కడ తెగించి సముద్రానికి అడ్డంపడాలి అన్న వరస పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఖాయమైపోయిందని మాత్రం తెలుస్తోంది.

బందరు పెద్ద రేవయ్యాక ఆ వరసకు నెలలు కూడా కుదిరాయి. 1618 నుంచి 1622 దాకా ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తకుడిగా ఉన్న విలియం మెథ్వోల్డ్ వాటిని రాసిపెట్టాడు. బెంగాల్, అరకాన్, పెగూ, తెనసేరిల వైపు ఓడలు సెప్టెంబరులో కదిలేవి. ఎర్రసముద్రంలోని మోఖాకు పోయేవి జనవరిలో బయల్దేరి సెప్టెంబరులోనో అక్టోబరులోనో తిరిగొచ్చేవి. గోల్కొండ సుల్తాను మక్కాలో దానధర్మాలకు ఏటా బియ్యం పంపేది ఈ దారినే. అంటే ఓడ నడిపే బందరు నాఖుదా ఎప్పుడొస్తాడో ఇంట్లోవాళ్లకు ముందే తెలుసు. ఆ తేదీ వేసింది ఆయన కాదు, గాలి. అది తిరిగే నెల తప్పిందా, మళ్లీ ఏడాది దాకా రేవులో కూర్చోవడమే.

వరస విలువ తెలియాలంటే ‘గ్లోబ్’ ఓడ కథ వినాలి. 1611 ఆగస్టు చివర్లో బందరులో లంగరేసిన ఇంగ్లీషు ఓడ అది. ఈ తీరానికి ఆ కంపెనీ పంపిన మొదటి ఓడ కూడా అదే. కెప్టెన్ ఆంథనీ హిప్పన్. బేరసారాలు చూసేవాళ్లు మాత్రం పీటర్ ఫ్లోరిస్, లూకాస్ అంతూనిస్ అనే ఇద్దరు డచ్చివాళ్లు. జీతానికి ఇంగ్లీషువాళ్ల దగ్గర చేరారు. పులికాట్‌లో దిగబోతే అక్కడి డచ్చివాళ్లు పడనివ్వలేదు. నిజాంపట్నం మీదుగా బందరు చేరారు. మసాలా దినుసుల మీద అంత మోజున్నవాళ్లు నేరుగా జావా పోకుండా ఇక్కడ ఆగడమెందుకంటే, జావాలోనూ సయాంలోనూ మన అద్దకం బట్టలు చేతిలో లేనివాడికి బేరం లేదు. ఏ దేశంవాళ్లకు ఏ రంగు, ఏ పూత నచ్చుతుందో చెప్పి మరీ బట్ట తయారు చేయించుకోవాలి. దానికి నెలలు పట్టింది. 1612 ఫిబ్రవరిలో బయల్దేరి బాంటం, అక్కణ్నుంచి పటానీ, ఆపైన అయుధ్య చూసుకుని 1613 డిసెంబరుకు మళ్లీ బందరే చేరారు. ఇంకో ఏడాది ఇక్కడే గడిపి, మరోసారి బాంటం తాకి, 1615లో ఇంగ్లండు చేరారు. హిప్పన్ దారిలోనే, పటానీలో పోయాడు. పెట్టుబడికి వచ్చిన లాభం నూటికి 218 అని లెక్క తేలింది.

వెళ్లిన ఊరికే మళ్లీ రావడం దండగని ఇప్పటి ట్రావెల్స్ కుర్రాడు కచ్చితంగా అంటాడు. కానీ ఆ ఓడకు బందరు రెండుసార్లు తగలడమే కలిసొచ్చింది. ఒకసారి సరుకు కొనడానికి, ఇంకోసారి తెచ్చిన సరుకు అమ్మి కొత్తది కొనడానికి. రెండోసారి బాకీలు వసూలు కాకపోతే ఫ్లోరిస్ ఏకంగా గవర్నరు కొడుకునే ఎత్తుకుపోయి ఓడలో కూర్చోబెట్టుకున్నాడు. గాలి తిరిగేలోపు డబ్బు చేతిలో పడాలి మరి. టూరిస్టులు ఆచరించదగ్గ పద్ధతి కాదు.

కదలని తేదీ

వరస వేయడమంటే చాలామంది పటం ముందేసుకుని దగ్గర దగ్గర ఊళ్లు కలుపుతూ గీత గీస్తారు. అది రెండో పని. మొదటిది, ఎవరు ఎంత బతిమాలినా కదలని తేదీ ఏదో తేల్చుకోవడం. గ్లోబ్‌కు అది గాలి. అమ్మాయి పురిటికి వెళ్లే తల్లికి డాక్టరు చెప్పిన వారం. మనవడి గ్రాడ్యుయేషన్‌కు వెళ్లే తాతగారికి యూనివర్సిటీ వేసిన శనివారం.

దివిసీమ రైతుకు అది మినుము. వరి కోతకు నాలుగు రోజుల ముందు చేలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి దాకా ఇంటికి రాదు. అది నూర్చి అమ్ముకున్నాక తీరిక. మళ్లీ కాలవలకు నీళ్లొదిలి నారుమళ్లు పోసే వేళకు ఇంట్లో ఉండాలి. శివారు భూములు కాబట్టి నీళ్లు ఆలస్యంగానే వస్తాయి, అయినా జూలై మొదట్లో మనిషి లేకపోతే కుదరదు. ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు దాకా, అదీ ఆయనకున్న వెసులుబాటు. ఉద్యోగం చేసి రిటైరైన బందరు మాస్టారికి ఈ బాధ లేదు. అందుకే ఆయన యాత్ర సెప్టెంబరులో కాస్త చౌకగా కూడా తేలుతుంది.

కదలని తేదీ రెండుంటే చిక్కు. అవనిగడ్డ దగ్గరి ఒక ఇంట్లో నేను విన్న సంభాషణ అదే. వీడియో కాల్‌లో డాలస్ నుంచి కూతురు. ఇటు మంచమ్మీద తండ్రి, కుర్చీలో తల్లి. మధ్యలో గోడ క్యాలెండరు మేకు నుంచి ఊడదీసి పెట్టుకున్నారు.

‘‘నాన్నా, వచ్చేటప్పుడే యూరప్ చూసేసి రండి. ఓపికున్నప్పుడే తిరగాలి. ఇక్కడికొచ్చాక ఎలాగూ రెస్టే కదా.’’

‘‘నాలుగు పెట్టెలేసుకుని పారిస్ వీధుల్లో తిరగమంటావా అమ్మా?’’

‘‘తులిప్ తోటలు ఏప్రిల్లోనే ఉంటాయటండీ. తిరిగొచ్చేటప్పటికి అన్నీ పీకేస్తారు’’ అన్నారావిడ, కూతురి వైపు చేరుతూ. ‘సిల్‌సిలా’ చూసిన తరానికి ఆ తోటల మీద మనసు పోవడంలో వింతేమీ లేదు. నెదర్లాండ్స్‌లోని ఆ క్యూకెన్‌హోఫ్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య దాకానే తెరుస్తారు. అదీ కదలని తేదీయే.

పెట్టెల బరువు

నా ఓటు మాత్రం తండ్రికే. యూరప్ తిరిగొచ్చేటప్పుడే పెట్టుకోవాలి.

మొదటి కారణం పెట్టెలు. అమెరికా విమానాల్లో చాలావాటికి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఇద్దరికి నాలుగు. అందులో ఏముంటాయో చెప్పనక్కర్లేదు: కారప్పొడి, కందిపొడి, వడియాలు, అప్పడాలు, బందరు లడ్డు. ఏప్రిల్లో బయల్దేరితే కొత్తావకాయ అందదు, కాయ అప్పటికి టెంక కట్టదు; పాత జాడీలోంచే తీయాలి. 92 కిలోల ఈ సంసారాన్ని రైళ్లలో ఎక్కించి దించుతూ యూరప్ చూడటం అయ్యే పని కాదు. పైగా పాలు, మాంసం, వాటితో చేసిన పదార్థాలు ప్రయాణికులు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన లడ్డులో నెయ్యి ఎంత పడుతుందో తెలిసిందే. తొక్కుడు లడ్డు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకునే చోటు పారిస్ కస్టమ్స్ బల్ల కాదు.

తిరిగొచ్చేటప్పుడు పెట్టెలు ఖాళీగా ఉంటాయా అంటే, ఉండవు. చాక్లెట్లు, బాదంపప్పు, విటమిన్ మాత్రలు, అల్లుడుగారి పాత కోట్లు. కానీ వాటిని వద్దనొచ్చు. ఒకదాంట్లో ఒకటి పెట్టి నాలుగు పెట్టెలను రెండు చేయొచ్చు. కారప్పొడి వద్దని కూతురితో అనలేరుగా.

రెండోది నిద్ర. మనిషి ఒంట్లోని గడియారం ఇరవై నాలుగు గంటల కన్నా కొంచెం నిదానంగా తిరుగుతుంది. అందువల్ల పొద్దు సాగే పడమటి ప్రయాణం ఒంటికి తేలిక, పొద్దు కుంచించుకునే తూర్పు ప్రయాణం కష్టం. వేసవిలో మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు. తిరిగొచ్చేటప్పుడు ఆ తూర్పు ప్రయాణమంతా ఒక్క గుక్కలో మింగితే వారం పది రోజులు తెల్లవారుజామున రెండింటికి మెలకువ తప్పదు. మధ్యలో పారిస్ పెడితే ముందు ఏడు గంటలు, మిగిలిన మూడున్నర ఆ తర్వాత. పైగా జూన్ నెలాఖరులో పారిస్‌లో పొద్దుగుంకేది రాత్రి పది గంటలకు దగ్గర్లో. ఆలస్యంగా లేచినవాడికీ రోజు మిగులుతుంది.

మూడోది కూతురి మాటలోనే ఉంది, ఆవిడ గమనించలేదు. అక్కడికెళ్లాక మూడు నెలలు ఫోన్‌లో మ్యాప్ చూడటం, కార్డు గీకడం, రైలు టికెట్ తీయడం పిల్లలే నేర్పిస్తారు. ఆ తర్వాత రోమ్‌లో దిగే తండ్రి, ఊరి నుంచి నేరుగా వచ్చి దిగే తండ్రి ఒకరు కారు.

అమెరికాలో ఆరు నెలలుండే వాళ్లు మాత్రం ఒక్కటి చూసుకోవాలి. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మామూలుగా నివాసమున్న దేశంలోనే పెట్టుకోవాలి. అంటే మనకు బయల్దేరకముందే, హైదరాబాద్‌లోనే. యూరప్ చివర్లో పెట్టుకుని, అమెరికాలో ఆరు నెలలు నిండా ఉంటామంటే ఆ రెండు లెక్కలూ ఒకదాన్నొకటి నొక్కేస్తాయి. మన రైతుకు మూడు నెలలే కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మినుము ఆయన్ని కాపాడింది.

లండన్ ఎక్కడ పెట్టాలి?

ఆరు ఊళ్లను వరస మార్చి 720 రకాలుగా తిరగొచ్చు. పది ఊళ్లయితే 36,28,800 రకాలు. అన్నింటిలోకీ దగ్గరి దారి ఏదన్నది గణితంలో పేరున్న చిక్కు. 1954లో డాంజిగ్, ఫల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు అమెరికాలోని 49 నగరాలకు ఆ దారి తేల్చి పేరు తెచ్చుకున్నారు. ఆ లెక్కలో ప్రయాణికుడు బయల్దేరిన ఊరికే తిరిగొస్తాడు. వీసా అడగరు. మోకాళ్లు నొప్పెట్టవు.

బయల్దేరిన ఊరికే రావాలన్న షరతు తీసేస్తే సగం చిక్కు విడిపోతుంది. పారిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కడం. టికెట్టు తీసేటప్పుడు ‘రౌండ్ ట్రిప్’ పక్కనే ఉండే ‘మల్టీ సిటీ’ అన్న గడి అందుకే. రెండు వేర్వేరు సింగిల్ టికెట్లు కొనడం కన్నా ఇలా ఒకే టికెట్టుగా తీస్తే చాలాసార్లు చౌక, సామాను లెక్కా ఒకటే ఉంటుంది. ప్యాకేజీవాళ్ల బస్సులు పారిస్‌లో మొదలై బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, స్విట్జర్లాండ్ మీదుగా దిగువకు జారుతూ రోమ్‌లో తేలడానికీ కారణమదే. వెనక్కి వచ్చే పని లేదు. ఆ వరస బాగుంటుంది, ఆ వేగం బాగుండదు. పెట్టె సర్దిన ప్రతి పూటా చూడటానికి పనికిరాని పూటే.

ఇక లండన్. షెంజెన్ ఒప్పందంలో 29 దేశాలున్నాయి, బ్రిటన్ లేదు. దానికి వేరే వీసా, వేరే రుసుము. పటంలో చూస్తే పారిస్‌కూ ఆమ్‌స్టర్‌డామ్‌కూ నడుమ లండన్ చక్కగా ఇమిడినట్టే కనబడుతుంది. చేతిలో ఉన్నది సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా అయితే మాత్రం పారిస్ నుంచి లండన్‌కు రైలెక్కిన క్షణంలోనే అది ఖర్చయిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ హోటల్ డబ్బులు గాలికి. లండన్ ఉంటే మొదట ఉండాలి, లేదా చివర. మధ్యలో వద్దు.

వరస ఇంకోచోట కూడా అక్కరకొస్తుంది: దరఖాస్తు ఏ దేశానికివ్వాలి? ఎక్కువ రోజులుండే దేశానికి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఫలానా దేశం వీసా త్వరగా ఇస్తుందని అక్కడ రెండు రాత్రులు రాసి, ఇటలీలో అయిదు రాత్రులు గడిపే పథకాలు వింటుంటాం. కాగితం మీద హోటళ్ల పట్టీ చూడగానే అధికారికి తెలిసిపోతుంది.

వారాలు కూడా చూసుకోవాలి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత. వాటికన్ మ్యూజియాలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. స్విట్జర్లాండ్ కొండలకు వారం కాదు, మబ్బు ముఖ్యం. యుంగ్‌ఫ్రావ్ 3,454 మీటర్ల ఎత్తు స్టేషన్‌కు పోయే టికెట్టు ఖరీదెక్కువ. పైకెళ్లాక తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడకపోతే ఏడుపొస్తుంది. అందుకే అక్కడ ఒక రాత్రి కాదు, మూడు రాత్రులు వేసుకుని తెరిపి చూసి ఎక్కాలి.

మన వానే అక్కడా

అంత దూరం ఎందుకు, సంక్రాంతి సెలవులకు థాయ్‌లాండ్, మలేసియా, సింగపూర్ చాలనేవాళ్లు బందరులో ఎక్కువే. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లను వీసా లేకుండా రానిస్తుండటంతో కౌలాలంపూర్ ముందు దిగి, బస్సులో సింగపూర్ పోవడం అలవాటైంది. సింగపూర్‌లో గది అద్దె చుర్రుమంటుంది కాబట్టి అక్కడ రాత్రులు తగ్గించి చివర్లో పెట్టుకుంటారు. మంచిదే.

వాళ్లు మరిచిపోయేది గాలిని. దివిసీమకు నవంబరు అంటే 1977 నాటి 19వ తేదీ ఉప్పెన గుర్తొస్తుంది. ఆ కాలపు ఈశాన్య గాలే సముద్రం అవతల వియత్నాం నడిమి తీరాన్ని అక్టోబరు, నవంబరుల్లో ముంచెత్తుతుంది. ఆపైన మలేసియా తూర్పు తీరానికి దిగుతుంది. జనవరిలో అక్కడి దీవుల్లో హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి. గ్లోబ్ ఓడ ఆగిన పటానీ ఆ వరసలోనిదే, ఇప్పుడు థాయ్‌లాండ్‌లో ఉంది. అదే జనవరిలో పడమటి వైపున్న ఫుకెట్, లంకావీ ఎండలో మెరుస్తుంటాయి. ఒకే ద్వీపకల్పం, రెండు వైపులా రెండు రుతువులు. జనవరిలో బాలికి పోయి వాన కురుస్తోందని వాపోయేవాళ్లు అక్కడి వానాకాలం అదేనని కనుక్కోకుండా వెళ్లినవాళ్లు.

చివరికి తేలింది

అవనిగడ్డ దంపతుల వరస చివరికి ఇలా కుదిరింది. ఏప్రిల్లో శంషాబాద్ నుంచి డాలస్. జూన్ మూడో వారంలో డాలస్ నుంచి పారిస్, నాలుగు రాత్రులు. రైల్లో లూసర్న్, మూడు. ఆ తర్వాత నేరుగా రోమ్ అన్నారాయన. వెనిస్ లేకపోతే తాను రానన్నారావిడ. తులిప్ తోటలు వదులుకున్నది తనే కాబట్టి గట్టిగానే అన్నారు.

‘‘నీళ్లలో ఉన్న ఊరు చూడ్డానికి అంతదూరం పోవాలా? నాగాయలంకలో పడవెక్కిస్తాను రా.’’

‘‘ముప్ఫై ఏళ్లుగా ఎక్కిస్తానంటున్నారు, ముందు ఆ మాట నిలబెట్టుకోండి’’ అన్నారావిడ. డాలస్ నుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

పారిస్‌లో ఒక రాత్రి కోసి వెనిస్‌కు రెండు కలిపారు. అక్కడ పెట్టెలు మోస్తూ వంతెనల మెట్లెక్కకుండా స్టేషన్‌కు దగ్గర్లోనే గది చూడమని కూతురికి పురమాయించారు. రోమ్‌లో మూడు రాత్రులు, అక్కణ్నుంచి ఇంటికి. రోజుల లెక్కలో ఇటలీది పైచేయి అయింది గనుక దరఖాస్తు ఇటలీకే. వేలిముద్రలకు మార్చిలో హైదరాబాద్ వెళ్లాలి. మినుము నూర్పిడికి మిషన్ ఏ రోజు దొరుకుతుందో తెలిశాక ఆ అపాయింట్‌మెంట్ తీసుకుందామన్నారు. రోమ్ టికెట్టు జూలై అయిదు అయితే ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు తగ్గుతుందని ట్రావెల్స్ అబ్బాయి ఫోన్ చేశాడు. ‘‘వద్దు బాబూ, జూన్ ముప్పయ్యే తియ్యి’’ అన్నారాయన. ‘‘నారుకు విత్తనాలు నానబెట్టాలి.’’